ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు: చదవలేని పిల్లలతో ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను 2024 డీఎస్సీలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) ఎంపికై, దేవరకొండ ప్రాంతంలోని ఒక తండా ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. బడిలో ముప్పై నలుగురు పిల్లలు, ఇద్దరం టీచర్లం. మా సార్ ఇన్‌చార్జి హెచ్‌ఎం కాబట్టి ఆయన మీటింగుకో, మండల ఆఫీసుకో వెళ్లిన రోజు ఐదు తరగతులూ నావే. నాలుగు, ఐదు తరగతుల్లో కలిపి పదిహేను మంది ఉంటే, అందులో సగం మందికి ఒత్తు ఉన్న మాట కనిపిస్తే నోరు పెగలదు. ఒక తరగతికి చెబుతుంటే మిగతావాళ్ల గోలతో నా గొంతు పోతోంది. పత్తి తీత మొదలైతే మూడో వంతు పిల్లలు బడికి రారు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఇదంతా అడుగుదామని లేచి, అడగలేక కూర్చున్నాను. అక్కడ అందరి పిల్లలూ చక్కగా చదువుతున్నట్టే అనిపించింది. పోయిన నెల, మాటిమాటికీ బయటికి వెళ్లిపోయే ఐదో తరగతి అబ్బాయిని చెంప మీద కొట్టాను. మూడు రోజులు రాలేదు. ఆనాటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. నాకు చదువు చెప్పడం రాదేమో. బదిలీకి పెట్టుకోమంటారా? – ఒక ఉపాధ్యాయిని, నల్లగొండ జిల్లా

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరం చివర మూడు వాక్యాల్లో రాసిన సంగతితోనే నేను మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలకుండా మిగతా వాటి మీద మీకు మనసు నిలవదు. పిల్లవాడిని కొట్టడం తప్పు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఈ సంగతి మీకు తెలియదని కాదు, తెలుసు కనుకనే నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు చేయవలసింది ఏమిటంటే, కొట్టింది తరగతి ముందు కాబట్టి తరగతి ముందే ఆ అబ్బాయితో "నిన్ను కొట్టడం నా తప్పు, ఇక ఎప్పుడూ కొట్టను" అని ఒక్క మాట చెప్పండి. వెనకాలే "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టవద్దు, ఆ ఒక్క "కానీ"తో ముందు అన్నదంతా చెరిగిపోతుంది. అదే రోజు సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి తల్లికో, నాయనమ్మకో కూడా చెప్పండి. టీచరు క్షమాపణ అడిగితే పిల్లలు నెత్తికెక్కుతారని మీ చుట్టుపక్కల ఎవరైనా అనవచ్చు. ముప్పై రెండేళ్లు ప్రాథమిక తరగతులకు చెప్పిన నా అనుభవంలో అలా జరగలేదు.

నేను కూడా ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, బోర్డు మీద రాసింది ఎక్కించుకోవడం లేదని ఒక అమ్మాయి చేతి మీద స్కేలుతో కొట్టాను. ఆరు నెలల తరువాత కంటి పరీక్షల వాళ్లు బడికి వచ్చినప్పుడు తెలిసింది, ఆ పిల్లకు బోర్డు మీది అక్షరాలు కనిపించనే కనిపించవని. ఆ అమ్మాయి ఒక్కరోజు కూడా నాతో ఆ మాట చెప్పలేదు, ఎందుకంటే అందరికీ అలాగే కనిపిస్తుందని అనుకుంది. అప్పటి నుంచి, పిల్లలు చెప్పిన పని చేయనప్పుడు "ఎందుకు చేయడు" అనే ప్రశ్న కంటే ముందు "చేయగలడా" అనే ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. మీ అబ్బాయి విషయంలో కూడా ఒక వారం పాటు అతను ఏ సమయంలో, ఏ పని మొదలయ్యాక బయటికి వెళ్తున్నాడో ఒక కాగితం మీద రాసి పెట్టండి. తెలుగు వాచకం తీసి ఒక్కొక్కరిని చదవమనే వేళకే అతనికి దాహం వేస్తున్నదని తేలితే నేను ఆశ్చర్యపోను. తనకంటే చిన్నవాళ్ల ముందు చదవలేక నిలబడడం పదేళ్ల పిల్లవాడికి చాలా పెద్ద అవమానం, దానికంటే మీ కోపాన్ని భరించడమే అతనికి తేలిక.

ఇక మీకు చదువు చెప్పడం రాదేమోనన్న మాట. చట్టంలోని షెడ్యూలు ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు. అంటే మీ సార్ రోజంతా బడిలోనే ఉన్నా సరే, మీ ఇద్దరిలో ఒకరి చేతిలో కనీసం మూడు తరగతులు ఉండి తీరాలి. మరి మనం డీఎడ్ శిక్షణలో నేర్చుకున్న పాఠ్య ప్రణాళిక ఎవరి కోసం? ఒక తరగతి, ఒక పీరియడు, ఒకే వయసు పిల్లలు, ఒకే పాఠం ఉన్న గది కోసం. అటువంటి గది మన తండాల్లో, చిన్న ఊళ్లలో దాదాపు లేదు. లేని గది కోసం నేర్చుకున్న పద్ధతిని ఉన్న గదిలో నడపబోయి మీరు అలసిపోతున్నారు. మీ చేతకానితనంగా మీకు కనిపిస్తున్నది నిజానికి రెండును ఐదుతో భాగించడంలో వచ్చిన చిక్కు.

కాబట్టి రోజులో ఒక గంట, సాధ్యమైతే ఉదయం మొదటి గంట, తరగతులను పూర్తిగా మరచిపోండి. ఆ గంటలో పిల్లలు ఏ తరగతి అనేది కాక, ఎంతవరకు చదవగలరనేది చూసి కూర్చోబెట్టాలి. దీనికి ముందు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చదివించి చూడాలి. ముప్పై నలుగురికి మనిషికి ఐదు నిమిషాల చొప్పున లెక్క వేసుకున్నా మొత్తం మూడు గంటల లోపే, అంటే వారం రోజులలో రోజుకు అరగంటతో అయిపోతుంది. బడిలో వరుసగా అప్పజెప్పే "క కా కి కీ" విని మోసపోవద్దు, అది పాట లాగ నోటికి వచ్చేస్తుంది. అక్షరాలను వరుస తప్పించి చూపండి. ప, వ, ష పక్కపక్కన పెట్టి చూడండి. తరువాత తల, పలక వంటి సరళ పదాలు, ఆ తరువాత గుణింతపు మాటలు, ఆపైన అక్క, అమ్మ వంటి ద్విత్వాలు, చివరికి సంయుక్తాక్షరాలు, ఒక చిన్న పేరా. పిల్లవాడు ఎక్కడ ఆగాడో అక్కడ తేదీ వేసి రాసుకోండి. తెలంగాణలో 2022 ఆగస్టులో ఒకటి నుంచి ఐదు తరగతులకు చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు కూడా ముందు పిల్లల స్థాయిని తెలుసుకోమనే చెప్పారు. ఆ స్థాయిలు రాసే పట్టికలు మీ బడిలో ఉండే ఉంటాయి, కానీ వాటిలో పాత సంవత్సరం రాసినదాన్ని నమ్మకుండా మీ చెవులతో మీరు వినండి.

అలా చూస్తే మీ ముప్పై నలుగురు ఐదు తరగతులుగా కాక మూడు, నాలుగు గుంపులుగా తేలుతారు. అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు ఒక గుంపు, గుణింతాలు తడబడేవాళ్లు ఒకటి, ఒత్తుల దగ్గర ఆగినవాళ్లు ఒకటి, చదవగలిగినవాళ్లు ఒకటి. మీరు ఏ రోజైనా ఒక గుంపు దగ్గరే ఇరవై నిమిషాలు కింద కూర్చోండి. మిగిలిన గుంపులకు మీరు లేకుండా చేయగల పని ముందే ఇచ్చి ఉండాలి, అది చేసినట్టు చూడగానే తెలిసేలా ఉండాలి. "చదువుకోండి" అంటే అది పని కాదు. "ఈ పది కార్డుల్లో ఒత్తు ఉన్నవన్నీ ఒక పక్క పెట్టి, వాటితో మూడు వాక్యాలు రాయండి" అంటే పని. గోల గురించి మీరు పడుతున్న బాధలో చాలా భాగం ఇక్కడే తీరుతుందని నాకు నమ్మకం, ఎందుకంటే పిల్లలు చేతిలో పని లేనప్పుడు చేసే అల్లరి వేరు, పని చేస్తూ మాట్లాడుకునే చప్పుడు వేరు. రెండోది ఉండనివ్వండి. దాన్ని ఆపబోయి గొంతు పోగొట్టుకోకండి, పిల్లలంతా మీ వైపు చూడవలసి వచ్చినప్పుడు చప్పట్ల వరుస ఒకటి మీరు మొదలుపెట్టి వాళ్లు ముగించేలా అలవాటు చేస్తే సరిపోతుంది.

ఒక చిన్న ఖర్చు చేయించగలిగితే చేయించండి. తరగతి గది గోడల అడుగు భాగం, నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు, నల్ల రంగు వేయించి ఒక్కొక్కరికి సుమారు మూడడుగుల వెడల్పున చోటు గీసి ఇవ్వండి. పిల్లలు నోటు పుస్తకంలో రాసిన తప్పు మీకు సాయంత్రం దాకా కనిపించదు. గోడ మీద రాసిన తప్పు మీరు గది మధ్య నిలబడి ఒకసారి చుట్టూ చూస్తే కనిపిస్తుంది, పక్క పిల్లవాడికీ కనిపించి అతనే దిద్దుతాడు.

ఇలా అనేక తరగతులను ఒకే గదిలో నడపడం మన ప్రాంతానికి కొత్తది కాదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యాసంస్థలో చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్ల లాగ వరుస పెట్టారు. ప్రతి పిల్లవాడూ తాను నిన్న ఆగిన మెట్టు నుంచి నేడు ఎక్కుతాడు, నాలుగు రోజులు బడికి రాకపోయినా తన మెట్టు తనకోసం అక్కడే ఉంటుంది. కర్ణాటకలోని నలి కలి కార్యక్రమానికీ, తమిళనాడులోని కృత్యాధార బోధనకూ స్ఫూర్తి ఆ పద్ధతే. మీరు ఆ కార్డులన్నీ తయారు చేయాలని నేను అనడం లేదు. ఒక్క చదవడం వరకు, పాత క్యాలెండర్ అట్టల మీద యాభై కార్డులు రాసుకున్నా మీ తొలి ఏడాదికి చాలు.

మీరు ఉత్తరంలో రాయని ఒక సంగతి ఉంది, నాకు అది చాలా ముఖ్యంగా తోస్తున్నది. మీ పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అమ్మను యాడి అనీ, నీళ్లను పాణి అనీ పిలిచే ఆరేళ్ల పిల్లకు తెలుగు అక్షరాలతో పాటు తెలుగు మాట కూడా కొత్తదే. దానిపైన ఇప్పుడు మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. అంటే ఆ పిల్ల ఒకేసారి రెండు కొత్త భాషలను, రెండు లిపులను ఎత్తుకుంటున్నది. లంబాడీకి సొంత లిపి లేదు కాబట్టి ఆ మాటలను మీరు తెలుగు అక్షరాలతోనే రాయవచ్చు. బోర్డు మీద మొదటి వారం "పాణి" అని రాసి చదివించండి. అర్థం ముందే తెలిసిన మాటను చదివినప్పుడు, అక్షరాలంటే మాటేనన్న సంగతి పిల్లకు మొదటిసారి తెలుస్తుంది. ఇంకొకటి గమనించారో లేదో, మన తెలుగు పిల్లలు పలకడానికి కష్టపడే "ఘ" వంటి, ఒత్తి పలికే అక్షరాలు ఆ పిల్లల నోట సహజంగా పలుకుతాయి, ఇంటిని వాళ్లు "ఘర్" అంటారు మరి. ఆ పాఠం వచ్చిన రోజు వాళ్లచేత పలికించి మిగతావాళ్లకు నేర్పించండి. మీకు లంబాడీ రాకపోతే రోజుకు రెండు మాటలు వాళ్ల దగ్గర నేర్చుకొని, పలకడంలో తప్పు పోతే దిద్దమని వాళ్లనే అడగండి. టీచరు కూడా నేర్చుకుంటూ తడబడుతుందని చూసిన పిల్లలు తమ తడబాటుకు అంతగా సిగ్గుపడరు.

పత్తి తీత విషయంలో నేను మీకు తేలికైన పరిష్కారం చెప్పలేను. దసరా నుంచి సంక్రాంతి దాకా చేలల్లో మనుషులు కావలసిన ఇళ్లలో, పిల్లలను పంపమని ఒక్క టీచరు చెప్పినంత మాత్రాన పంపరు. ఇంటింటికీ తిరగండి, తిరగడం వృథా కాదు, కానీ రాని పిల్లల లెక్క మీ మనసు మీద బరువుగా పెట్టుకోకండి. మీరు చేయగలిగింది, వాళ్లు తిరిగి వచ్చిన రోజు "ఎన్ని పాఠాలు పోయాయో చూడు" అనకుండా వాళ్ల గుంపులో వాళ్లను కూర్చోబెట్టడం. గుంపు పద్ధతిలో ఉన్న పెద్ద మేలు ఇదే, తిరిగి వచ్చినవాడికి వెళ్లి కూర్చోవడానికి ఒక చోటు ఉంటుంది. ఇంకొక మాట. చేలోకి వెళ్లి వచ్చిన పిల్లలకు మీ గణితం పుస్తకంలో లేని లెక్క వచ్చి ఉంటుంది. కిలోకు ఇంత కూలి అయితే అమ్మ తీసిన దానికి ఎంత వస్తుందో, కాంటా మీద బస్తా తూచాక తరుగు ఎంత తీస్తారో, ఎన్ని బస్తాలకు క్వింటా అవుతుందో వాళ్లు నోటితో చెప్పగలరు. అదే లెక్కను పలక మీద పెట్టమంటే ఆగిపోతారు. గుణకారాన్నీ తీసివేతనూ ఆ కాంటా దగ్గర మొదలుపెట్టండి. చదవడానికి కూడా అవే మాటలు పనికి వస్తాయి: "చేను", "తూకం", "కూలి"లో గుణింతాలున్నాయి, "పత్తి"లో ద్విత్వం ఉంది, "బస్తా"లో సంయుక్తాక్షరం ఉంది. మీ కార్డుల్లో సగం ఇక్కడే తయారవుతాయి.

నాలుగో తరగతి పిల్లల తల్లిదండ్రులు గురుకులం ప్రవేశ పరీక్ష గురించి మిమ్మల్ని అడుగుతూనే ఉంటారు. ఆ ఆశ న్యాయమైనది. కానీ చదవలేని పిల్లవాడి చేత ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టిస్తే ఆ పరీక్షా దాటడు, చదువూ రాదు. ఆ మాట తల్లిదండ్రుల మీటింగులో అందరి ముందు కాక, ఇంటికి వెళ్లినప్పుడు తల్లికి విడిగా చెప్పండి. పిల్లవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో, నెలకు ఎంత ముందుకు జరుగుతున్నాడో మీ కాగితం చూపించి చెప్పండి.

ఇప్పుడు కాంప్లెక్స్ మీటింగు సంగతి. పాఠశాలల సముదాయం అనే ఆలోచన 1964–66 నాటి కొఠారి కమిషన్ది. దూరదూరంగా ఒంటరిగా పని చేసే చిన్న బడుల టీచర్లు ఒకరికొకరు సాయపడాలన్నది దాని ఉద్దేశం. ఆ మీటింగులో మీరు లేచి కూర్చున్నారంటే తప్పు మీ ధైర్యంలో లేదు. పై నుంచి పట్టికలు చూసే వాళ్లు కూర్చున్న చోట "మా ఐదో తరగతిలో నలుగురికి ఒత్తులు రావు" అనడం సంజాయిషీ ఇచ్చుకున్నట్టు ఉంటుంది, అందుకే ఎవరూ అనరు. అక్కడ కూర్చున్న యాభై మందిలో మీ లాంటి లెక్క ఉన్నవాళ్లు ఎందరో ఉంటారని నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే నేను కూడా అదే గదిలో అదే మౌనంతో ఎన్నో ఏళ్లు కూర్చున్నాను. మా మండలంలో ఆ మౌనం తొలిసారి పోయింది మీటింగులో కాదు, తిరుగు ప్రయాణంలో బస్టాండులో. పక్క ఊరి టీచరమ్మ ఒకామె "సార్, మా మూడో తరగతిలో ఆరుగురికి గుణింతం పలకడం వస్తుంది గానీ మాటలో పెడితే రాదు, మీరేం చేస్తారు?" అని అడిగింది. నేను చేసేదేమీ లేదని ఒప్పుకున్నాను. తరువాతి శనివారం ఆమె బడికి వెళ్లి పూట కూర్చున్నాను, మరో వారం ఆమె మా బడికి వచ్చింది. నేను ఒక గుంపుతో మాట్లాడుతూ మిగతావాళ్లకు వీపు చూపిస్తున్నానని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. గోడ వైపుకు జరిగి కూర్చోవడం మొదలుపెట్టాక, అంతకు ముందు ఎన్ని కేకలు పెట్టినా రాని నెమ్మది వచ్చింది.

ఆమె అడిగిన ప్రశ్న ఎలా ఉందో చూడండి. అందులో ఎంతమంది పిల్లలో ఉంది, ఏ తరగతో ఉంది, ఏది వస్తుందో, ఏది రాదో ఉంది. "మా పిల్లలు చదవరు" అని మనం అంటే ఎదుటివారు "ఇప్పటి పిల్లలంతే" అంటారు, మాట అక్కడితో ముగుస్తుంది. మీరు పైన చెప్పిన విధంగా ఒక్కొక్కరినీ చదివించి చూశాక మీ దగ్గర కూడా ఆ టీచరమ్మ ప్రశ్న లాంటివి నాలుగైదు ఉంటాయి. వాటిని అందరి ముందు కాక, మీకు నమ్మకం కుదిరిన ఒకరిద్దరిని ఎంచుకుని అడగండి. వయసులో పెద్దవాళ్లే కానక్కరలేదు, పక్క తండాలో మీలాగే కొత్తగా చేరినవాళ్లయినా సరే. ఫోనులో అడిగేటప్పుడు పిల్లవాడి పేరు కనిపించకుండా నోటు పుస్తకం పేజీ ఒకటి ఫోటో తీసి, "ఈ తప్పు ఎందుకు వస్తున్నది?" అని ఒక్క ప్రశ్న పెట్టండి. వాట్సాప్ గ్రూపుల్లో రోజూ వచ్చే వందల సర్క్యులర్ల మధ్య అటువంటి ప్రశ్న మునిగిపోతుంది కాబట్టి, ఆ ఇద్దరికే విడిగా పంపడం మంచిది. మీ ఇన్‌చార్జి సార్‌ను కూడా మరచిపోవద్దు. ఆయన లేని రోజుల గురించి ఫిర్యాదుగా కాక, ఆ మొదటి గంట మాత్రం ఇద్దరం బడిలో ఉండేలా మీటింగులకు బయలుదేరే వేళ సర్దుకోగలరా అని అడిగి చూడండి.

ఇందులో ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. పట్టికలో పిల్లల స్థాయిని ఉన్నది ఉన్నట్టు రాయండి. చదవలేని పిల్లవాడిని చదవగలడని రాసిన రోజు ఆ పిల్లవాడికి రావలసిన సాయం ఆగిపోతుంది, ఆరో తరగతి టీచరు అతన్ని ఆ కాగితం చూసే కూర్చోబెడతారు. తనిఖీకి వచ్చినవారు "ఇంత తక్కువా?" అంటే, తేదీలతో సహా మీరు రాసుకున్న కాగితం చూపించి, జులైలో ఎక్కడ ఉన్నాడో, ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో చెప్పండి. ఒక మాట పడవలసి రావచ్చు. పడండి, అమ్మా.

బదిలీ గురించి ఇప్పుడే తేల్చుకోకండి. తండా బడిని వదిలి రోడ్డు మీది బడికి వెళ్లడం నేరమేమీ కాదు, ఇంటి పరిస్థితులు ఎవరివి వారికే తెలుసు. అయితే ఓడిపోయానన్న భావనతో వెళ్లినవారు ఆ భావనను కొత్త బడికి కూడా తీసుకువెళ్తారు. ఈ ఏప్రిల్ దాకా ఆగండి. ఐదో తరగతి పిల్లలు బడి వదిలే ముందు, ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని మొదటి వారం చదివించిన అదే పేరా మళ్లీ చదివించి చూడండి, ఆ తరువాత నాకు రాయండి. రేపు ఉదయం మాత్రం ముందు అతనితో మాట్లాడండి.